రెండు వేళ్ల నడుమ దూరము

వైశాఖమాసమున ప్రచండమార్తాండకిరణసంతప్తమైన కచేరీ ప్రాంగణమున వేపచెట్ల నీడలు సైతము గోడల నంటుకొని నక్కియుండెను. అట్టి నీడ నొకదానియందు చాప పరచుకొని కూర్చుండిన అర్జీల వ్రాయసకాడు భావనారాయణ మూడవ ఫారముతో చదువు చాలించిన నలువదియైదేండ్లవాడు. తనకంటె మొద్దులైన సహాధ్యాయులు లోపల పంకాల క్రింద గుమాస్తాలై వెలుగుచుండ తాను వెలుపల దుమ్ము మ్రింగుచుండుట యతని గొంతు దిగని ముల్లు. అందువలననే కాబోలు నతని యింగ్లీషు వాక్యము విశేషణపరంపరాభారమున వంగి యెచ్చట మొదలై యెచ్చట ముగియునో తెలియనంత దీర్ఘమై యుండెడిది. పట్టభద్రులకు సైతము చేతగాని యింగ్లీషని యతని ధీమా.

ఆనాడు గవరమ్మ యను కట్టెలమ్ముకొను స్త్రీ వచ్చెను. సర్కారు అడవిలో కట్టెలు కొట్టి జైలుపాలైన యామె పెనిమిటి పోలయ్య యచ్చట రక్తము గ్రక్కుచుండెను. కలెక్టరు దొర మరునాడు మన్యమునకు మకాము పోవును. తిరిగివచ్చుటకు నెల పట్టును. అంతవరకు పోలయ్య బ్రతుకడని జైలు వైద్యుడే చెప్పెను.

భావనారాయణ పదునారు పంక్తుల యేకవాక్యమును వ్రాసి వేలిముద్రకు ముందు తెలుగున వినిపించెను. గవరమ్మ కాగితముపైకి వంగెను.

“మా ఆయన పేరెక్కడుంది పంతులుగారూ? నా వేలు అక్కడెట్టండి.”

అతడామె చిటికెనవ్రేలిని మొదటి పంక్తిపై నుంచెను.

“మరి జబ్బో?”

దానిని కదల్పక బొటనవ్రేలిని పదునాలుగవ పంక్తికి దింపబోగా నామె చాచిన జానెడు చాలదయ్యెను.

“మద్దెనున్నదంతా ఏంటయ్యా?”

“దొరగారి గొప్పతనం.”

“జబ్బు పక్కనున్న పేరెవరిది?”

“దొరగారిదే.”

“అయితే సచ్చిపోయేది ఆయనే అనుకుంటాడు కదా బాబూ!”

ప్రక్కచాపపై వ్రాయసకాడు పకపక నవ్వెను. “భావనారాయణా, ఇన్నాళ్లకి నీకు గురువు దొరికిందోయ్!”

“రాసేది నువ్వా, నేనా?” అని భావనారాయణ గర్జించెను.

“రాసేది తవరే. ముండమోసేది నేను.”

అతడు పళ్లు కొరుకుచు వేరొక కాగితము తీసి యెవరి మాటను వారి ప్రక్కనే నిలిపి యింగ్లీషున మూడు ముక్కలు వ్రాసెను: పోలయ్య జైలులో నున్నాడు. పోలయ్య రక్తము గ్రక్కుచున్నాడు. పోలయ్యను ఇంటికి పంపుడు.

గవరమ్మ వేలిముద్ర పడి యర్జీ లోపలికి పోయెను. ప్రొద్దు వాలకముందే యుత్తరువు వచ్చెను. భావనారాయణ దానిని రెండుమారులు చదివెను. ఇరువదియేండ్లుగా నతడు వ్రాసిన వాక్యములలో నొక్కటియు లోపలినుండి తిరిగిరాలేదు. నేడు మూడవ ముక్క యున్నదున్నట్లు దొర చేవ్రాలుతో వచ్చినది.

“ఆయన పేరేది? ఇంటికన్న మాటేది?” అని గవరమ్మ వేళ్లు చాచెను. అతడు వానిని కాగితముపై నుంచెను. రెండు వేళ్లును నొండొంటి నంటుకొనెను. ఆమె వానిని విడదీయకయే కాగితము పట్టుకొని జైలు వంక పరుగెత్తెను.

మిగిలిన పదునారు పంక్తుల కాగితముతో భావనారాయణ కలముపాళీ తుడుచుకొనెను.