వరుసలో ఆగిన ఉత్తరం

నేను ఒక మెయిల్ సర్వర్‌ని. ఇప్పుడు స్టోర్ రూంలో దుమ్ము పట్టి ఉన్నాను గానీ, విశాఖలోని ఒక ఆసుపత్రిలో పదకొండేళ్లు పనిచేశాను. వచ్చే, పోయే ప్రతి ఈమెయిల్నీ వైరస్ ఉందేమోనని వడపోసి పంపేదాన్ని.

మొదట్లో ఎన్ని వస్తే అన్నిటినీ ఒకేసారి వడపోసేదాన్ని. ఒక దీపావళికి శుభాకాంక్షలు వెల్లువెత్తేసరికి మెమరీ చాలక కుప్పకూలాను. నన్ను చూసుకునే జోగారావు అప్పుడు హద్దు పెట్టాడు: ఒకసారికి ఐదే, మిగతావి వరుసలో ఆగాలి. ఆ తర్వాత నేనెప్పుడూ పడిపోలేదు.

పైడితల్లి గాజువాకలో బట్టలు కుట్టేది. మూడేళ్లుగా మా దగ్గర డయాలసిస్. ఉగాది ముందురోజు ఆమెకొక కిడ్నీ దొరికేలా ఉందని కబురొచ్చింది. సరిపోతుందని ల్యాబు రిపోర్టు మూడింటిలోగా రావాలి, లేదంటే జాబితాలో తర్వాతివారికి వెళ్తుంది. వాట్సాప్ లేని రోజులు. డాక్టర్ షహనాజ్ ఫోన్ చేస్తే ల్యాబువాళ్లు ఎప్పుడో పంపేశామన్నారు.

పంపారు. కానీ ఆ పూటే మా ఆసుపత్రి పెద్దలు ఉగాది పచ్చడి గిన్నె బొమ్మతో అందరికీ శుభాకాంక్షలు పంపారు. అందరూ అందరికీ బదులిచ్చారు. రిపోర్టు నాలుగు వందల పండగ పలకరింపుల వెనక నిలబడింది. షహనాజ్ పరుగున వచ్చాక జోగారావు వెతికి బయటికి తీశాడు. అప్పటికి మూడూ పది. కిడ్నీ వెళ్లిపోయింది.

ల్యాబు ఉత్తరాలకు జోగారావు ఆ సాయంత్రమే వేరే దారి వేశాడు. ఐదుని మాత్రం మార్చలేదు. మారిస్తే నేను మళ్లీ కూలతానని అతనికి తెలుసు. మర్నాడు వార్డుకెళ్లి పైడితల్లికి జరిగిందంతా చెప్పేశాడు. ఆమె ఏమందో నా ఎదుటే కూర్చుని షహనాజ్‌కి చెప్పాడు.

"తిట్టలేదు మేడం. 'ఆ కిడ్నీ ఎవులికెట్టినారు బాబూ?' అంది. అనకాపల్లి టీచరమ్మకి అన్నాను. 'బాగున్నాదేటి? కనుక్కొని సెప్పు' అంది."

టీచరుకి ఆ కిడ్నీ పెట్టిన ఆసుపత్రికి అతను రాశాడు. నెల తర్వాత ఆ టీచరే బదులు రాసింది. కోలుకుంటున్నానని, తన క్షేమం అడిగినావిడ ఎలా ఉన్నారని. జోగారావు దాన్ని ప్రింటు తీసి, ఆ కాగితం పట్టుకుని పైన వార్డుకి వెళ్లి, అలాగే పట్టుకుని దిగి వచ్చాడు. పైడితల్లి ఆ ఉదయమే పోయింది.

కీబోర్డు ముందు కూర్చున్నాడు. టీచరుకి రెండు ముక్కలు రాశాడు: "ఆవిడ బాగున్నారు. మీ కబురు విని సంతోషించారు."

నేను దాన్ని ఆపలేదు.