కిటికీ పక్క మంచం

నేను ఒక ఇనుప మంచాన్ని. మద్రాసులో ఒక రేకుల షెడ్డులో పుట్టాను. నాకు తెల్లరంగు వేసిన మనిషి కూనిరాగం తీస్తూ వేశాడు. అది విని ఏ పెళ్ళింటికో వెళ్తానని మురిసిపోయాను. తీరా రైలెక్కించి రాయలసీమలో ఒక కొండ కింద క్షయ ఆసుపత్రికి తెచ్చి, ఆడవాళ్ళ వార్డులో కిటికీ పక్కన వేశారు.

నా మీద పడుకున్నవాళ్ళు రోజురోజుకీ తేలికైపోయేవారు. ఒకరు పోగానే దుప్పటి మార్చి, నన్ను ఫినాయిలుతో తుడిచి, ఇంకొకరిని పడుకోబెట్టేవారు. తుడిస్తే అన్నీ పోతాయని మనుషుల నమ్మకం. కొన్నేళ్ళకు ఆసుపత్రి మూతపడింది. తలుపులు, కిటికీ రెక్కలు ఎవరో ఊడదీసుకుపోయారు. గోడల్లో రావి మొలిచింది. అయినా పొద్దు వాలే వేళకు అవతలి మంచాలు కిర్రుమనేవి, ఎవరో పక్కకు ఒత్తిగిల్లినట్టు. వాటి మీద ఎవరూ ఉండేవారు కారు.

ఆ తర్వాత కెమెరాల వాళ్ళు రావడం మొదలైంది. రోగులున్నప్పుడు ఆ గేటు దాటడానికే జనం జంకేవారు. ఇప్పుడు నన్ను ఆనుకుని నవ్వుతూ ఫొటోలు దిగారు. మైథిలి అలాంటిది కాదు. పాడుబడిన ఆసుపత్రులు, అనాథాశ్రమాలు వెతుక్కుంటూ ఒంటరిగా తిరిగి ఫొటోలు తీసే అమ్మాయి. కావలసిన వెలుగు వచ్చేదాకా గోడ పక్కన ఓపిగ్గా కూర్చునేది. అయితే ఒక మధ్యాహ్నం ఆమెకేం తోచిందో, సంచిలోంచి చెయ్యి విరిగిన బొమ్మను తీసి నా మీద పడుకోబెట్టింది.

"ఆ బొమ్మ ఎవురిదమ్మా?"

గుమ్మంలో ఒక ముసలావిడ నిలబడి ఉంది. ముఖం పోల్చుకోలేకపోయాను గానీ ఆ గొంతు నాకు తెలుసు. ఓబుళమ్మ! నెలల బిడ్డను ఇంట్లో వదిలి నా మీదకు వచ్చిన పిల్ల. ప్రాణాలతో బయటపడిన కొద్దిమందిలో ఒకతె.

"నాదేనండీ. ఫొటో కోసం పెట్టాను," అంది మైథిలి.

"తీసెయ్ తల్లీ. ఈడికి బిడ్లను రానిచ్చేవోళ్ళు కాదు. నా కూతుర్ని ఆ కిటికీ బయట్నించే చూపిచ్చేవోళ్ళు. నేను చెయ్యి చాపితే నర్సమ్మ రెక్క మూసేది."

మైథిలి గబుక్కున బొమ్మను తీసి సంచిలో దాచేసింది. "మరి నయమయ్యాక?"

"ఇంటికి పోతే నన్ను చూసి జడుసుకునింది. మా ఆడబిడ్డనే అమ్మా అని పిలిచేది. అట్లనే పెరిగింది. మంచిదే పాపం, మందులు తెచ్చిస్తాది, అడిగిన చోటికి తీసకపోతాది. పక్కన మాత్రం కూర్చోదు."

ఆసుపత్రిని కూలగొడతారని విని, ఒకసారి చూడాలని కూతుర్ని బతిమాలి వచ్చిందట. మెల్లగా నా మీద కూర్చుంది. మైథిలి కెమెరా ఎత్తి, అంతలోనే దించేసింది.

"మీ అమ్మాయేనా అండీ, అక్కడ?"

కిటికీ అవతల ఆ కూతురు, తల నెరిసిన సుంకమ్మ నిలబడి ఉంది. పసిబిడ్డగా ఆమెను ఎత్తి చూపించిన చోటే అది. తల్లీ కూతుళ్ళు ఒకరినొకరు చూసుకున్నారు. ఖాళీ మంచాలన్నీ ఊపిరి బిగబట్టినట్టయింది.

"సుంకీ, లోపలికి రామ్మా," అంది ఓబుళమ్మ. "ఇప్పుడు వద్దనేవోళ్ళు ఎవురూ లేరు."

సుంకమ్మ చాలాసేపు కదల్లేదు. తర్వాత చుట్టూ తిరిగి గుమ్మంలోంచి వచ్చి, తల్లికి కాస్త ఎడంగా కూర్చుంది. ఇంతలో ఓబుళమ్మకు దగ్గు తెర వచ్చింది. సుంకమ్మ ఉలిక్కిపడి సగం లేచింది. లేచినదల్లా మళ్ళీ కూర్చుని, దగ్గరికి జరిగి, తల్లి వీపు నిమిరింది.

మైథిలి అప్పుడు ఒక్క ఫొటో తీసి వాళ్ళకు చూపించింది. నేనూ చూశాను. అందులో నేను లేను. వాళ్ళ చీరలు నన్ను పూర్తిగా కప్పేశాయి.

ఇప్పుడు పాత ఇనుము కొట్టులో కాళ్ళు పైకి పెట్టి పడి ఉన్నాను. రేపో మాపో కరిగిస్తారు. ఆ రోజు వెలుగు తగ్గి, మైథిలి కెమెరా సర్దుకుని వెళ్ళిపోయింది. వాళ్ళిద్దరూ మాత్రం లేవలేదు.