ఆరు వేల గీత

దిండులో దూది కూరుతుంటే ఎడమ చెయ్యి పైకి లేవడం లేదు. నిన్న మా ఆయన గుడ్డ కొలిచే గజంబద్దతో కొట్టిన చోటు అది. నేను కుట్టిన దిళ్ళు ఇంటి ముందుగదిలో ఆయన అమ్ముతాడు. పెద్దది రెండు వందలు, చిన్నది వంద. రోజుకి ఆరు వేలు రాకపోతే తప్పు నా కుట్టుదే. "నువ్వు పట్టిందల్లా మట్టే" అంటాడు. అత్తగారు మంచం దిగకుండానే, "మగాడన్నాక చెయ్యి చేసుకోడా? సర్దుకుపోవాలి" అంటుంది. సర్దుకోవడానికి నా ఒంటి మీద ఖాళీ చోటెక్కడుంది, నా ఖర్మ!

మా అమ్మాయికి బళ్ళో ఇలాంటి లెక్కలే చెబుతున్నారంటే ప్రాణం లేచొచ్చింది. పెద్దవి ఎక్స్, చిన్నవి వై అని రాసింది. రెండు వందల ఎక్స్, వంద వై కలిపితే ఆరు వేలు. పెద్దవి ఇరవై పోతే చిన్నవి ఇరవై చాలు. పెద్దవి పదే పోతే చిన్నవి నలభై కావాలి. గళ్ళ కాగితం మీద చుక్కలు పెట్టి కలిపితే తిన్నటి గీత వచ్చింది. "ఈ గీత మీద ఎక్కడున్నా ఆరు వేలేనమ్మా" అంది. ఆ గీత మీద నిలబడితే ఒళ్ళు దక్కుతుందనుకున్నాను. ఏ రకం ఎక్కువ పోతోందో కనిపెట్టి, ఆ లెక్కనే కుట్టాను. సూది దిగి వేళ్ళు వాచిపోయాయి.

నిన్న సరిగ్గా ఆరు వేలు వచ్చాయి. రూపాయి తగ్గలేదు. అయినా గజంబద్ద లేచింది.

"ఇవాళ ఇంత వచ్చిందంటే, ఇన్నాళ్ళూ ఒళ్ళు దాచుకున్నావన్నమాట!"

ఈ పొద్దున నా చేతికి కాపడం పెడుతూ అమ్మాయి ఆ కాగితం వైపు చూసింది. "అమ్మా, ఈ లెక్కలో నాన్న ఏ అక్షరం?"

కాగితమంతా వెతికాను. ఆయన ఎక్కడా లేడు. అమ్మిన దిళ్ళకీ, నా ఒంటి మీది వాతలకీ సంబంధమే లేదు. పిచ్చిమొహాన్ని, కొట్టే చేతిని వదిలేసి దిళ్ళు లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాను.

కూరుతున్న దిండు పక్కన పడేశాను. అమ్మాయి బడికెళ్ళిపోయింది. పెద్ద కత్తెర తీసుకుని, కుట్టి పెట్టిన ప్రతి దిండుకీ పొట్ట చీల్చాను. అబ్బ, ఎంత హాయిగా ఉందో! గదంతా దూది లేచింది. "ఒరేయ్, దీనికి పిచ్చెక్కిందిరా!" అని అత్తగారు కేకలు పెట్టింది. ఆయన బద్ద పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు.

"పెద్దవి సున్నా. చిన్నవి సున్నా," అన్నాను. "ఇన్నాళ్ళకి కొట్టడానికి నీకో కారణం దొరికింది. రా, కొట్టు."

ఎడమ చెయ్యి లేవకపోతేనేం, కత్తెర పట్టుకున్న కుడి చెయ్యి బాగానే లేచింది. బద్ద లేవలేదు.