పెట్రోలు ముల్లు

మా కారు నాకంటే రెండేళ్ళే చిన్నది. దాని పెట్రోలు ముల్లు పనిచేయడం మానేసి ఎన్నాళ్ళయిందో ఎవరికీ గుర్తులేదు. ట్యాంకులో ఎంతుందో నేనే అంచనా వేసి చెప్పేవాణ్ణి. పోయిన నెల అలాగే, "నిక్షేపంగా వెళ్ళిరా" అని మా అమ్మాయిని పంపాను. దారి మధ్యలో బండి ఆగిపోయింది. ఆమె ఇంటింటికీ వెళ్ళి, మంచాన పడ్డవాళ్ళ చేత కాళ్ళూ చేతులూ ఆడించే పని చేస్తుంది. ఆ పూట ఒక ముసలాయన ఆమె కోసం గంటన్నర ఎదురుచూశాడట.

"ముల్లు బాగైతేనే ఈ కారు తీసుకుంటా నాన్నా. లేకపోతే సోమవారం వేరేది కొనుక్కుంటా," అంది. కోపంగా అన్నా బాగుండేది. మెల్లగా చెప్పింది.

ఆమె వద్దంటే కారుకు మళ్ళీ ముసుగే. నడపడానికి నా కళ్ళు ఒప్పుకోవు.

ఆదివారం పొద్దున మా బావమరిది కొత్త మీటరూ సెండరూ పట్టుకుని వచ్చాడు. నలభై ఏళ్ళుగా కార్లకు కరెంటు పని చేస్తున్నవాడు. సెండరంటే ఒక రేకు మూత, దానికి వేలాడే సన్నటి కడ్డీ, కడ్డీ చివర పెట్రోలు మీద తేలే బుడ్డి. బల్ల మీద పెట్టి బ్యాటరీకి తీగలు తగిలించాడు. బుడ్డి ఎత్తితే ముల్లు లేచింది, దించితే పడుకుంది.

"చూశావా బావా, చెప్పిన మాట వింటోంది. ఈ ఇంట్లో మొదటిది ఇదే."

మీటరును స్టీరింగు ముందర, సెండరును ట్యాంకుకు బిగించాడు. తెచ్చిన రెండు డబ్బాల్లో ఒకటి, ఐదు లీటర్లు పోశాం. తాళం తిప్పాను. ముల్లు ఉలకలేదు, పలకలేదు.

విప్పాడు, చూశాడు, మళ్ళీ బిగించాడు. రెండు గంటలు గడిచాయి. మా అమ్మాయి గుమ్మంలో నిలబడి ఫోనులో కార్లు చూస్తోంది.

"పోనీలే మావయ్యా, వదిలెయ్."

అతను ట్యాంకును గోటితో గీశాడు. "బావా, దీనికి ఎన్నిసార్లు రంగేశావు?"

"మూడుసార్లు. మూత కూర్చునే చోటా, స్క్రూ కన్నాల్లోనూ ఇంకోసారి. తుప్పు పడుతుందని."

"మా అక్క పోయాక కనిపించినదానికల్లా రంగేశావు. కాస్త కదలకుండా నిలబడితే నాకూ వేసేవాడివి. సెండరుకు ట్యాంకు ఇనుము తగలాలి బావా, అప్పుడే కరెంటు తిరిగి వెళ్తుంది. బల్ల మీద ఆ పని తీగ చేసింది. ఇక్కడ నీ రంగు అడ్డం పడింది."

"అంతా గీకెయ్యాలా?"

"వేలిగోరంత చాలు."

బ్యాటరీ తీగ ఊడదీశాక గరుకు కాగితం నా చేతికిచ్చాడు. ఒక స్క్రూ చుట్టూ మెల్లగా రుద్దాను. అడుగున ఇనుము తెల్లగా, చుక్క తుప్పు లేకుండా ఉంది. ఆ ఏడాది నేను చేసిన పని పూర్తిగా దండగ కాలేదు.

మళ్ళీ బిగించి తాళం తిప్పాం. ముల్లు నిద్ర లేచినట్టు నెమ్మదిగా కదిలి, ఖాళీ గీతకు కాస్త పైన ఆగింది.

"ఇది నిజమా, నాన్న లెక్కా?" అంది మా అమ్మాయి.

"మీ నాన్న లెక్కయితే ఈపాటికి పొంగిపోయేది," అన్నాడు వాళ్ళ మావయ్య.

ఆమె నమ్మలేదు. తాళం తీయించి, రెండో డబ్బా తనే ఎత్తి పోసింది. ఈసారి తాళం తనే తిప్పింది. ముల్లు ఇంకొంచెం పైకి వెళ్ళింది.

ఫోను జేబులో పెట్టుకుంది. పొద్దున తాళం తిప్పడానికి కూర్చుంటూ నా పొడుగు కాళ్ళకని వెనక్కి జరిపిన సీటును, తన కాళ్ళు అందేదాకా ముందుకు లాక్కుంది.