సంచిలో పెసర

పెసరను ఇంటికి తెచ్చింది కూతురు కృప. ఆ పేరు పెట్టింది మొగుడు ఇశ్రాయేలు. మోసేది మాత్రం మార్త. ఇళ్ళలో పనులు ఇలాగే పంచుకుంటారు కాబట్టి ఇందులో ఆశ్చర్యపోవడానికి ఏమీ లేదు.

పెసర కుక్కే. చూసినవాళ్ళు వెంటనే ఒప్పుకోరు, అంతే. చివావా జాతిది. మార్త రెండు అరచేతులూ కలిపి పడితే అందులో ముడుచుకుని నిద్రపోతుంది. చెవులు మాత్రం ఒంటికి సరిపడనంత పెద్దవి. పటమటలో వాళ్ళు అద్దెకున్న ఇంట్లో పై పోర్షన్ వీళ్ళది, కింద ఇంటి ఓనరు వెంకటసుబ్బారావు గారు ఉంటారు. ఆయనకు రెండు కుక్కలు. రాజా అనే ముసలి లాబ్రడార్ పగలంతా వరండాలో పడి నిద్రపోతుంది, దానితో బాధ లేదు. రెండోది సుల్తాన్. జర్మన్ షెపర్డ్, మంచి వయసులో ఉంది, నిలబడితే మనిషి భుజాల మీద కాళ్ళేస్తుంది. మేడమెట్లు దిగేది సరిగ్గా అవి తిరిగే వాకిట్లోకే. వీధిలోకి వెళ్ళాలంటే ఇంకో దారి లేదు.

అందుకని మార్త ఒక పద్ధతి పెట్టుకుంది. పెసరను గోనెసంచిలో కూర్చోబెట్టి, సంచి భుజానికి తగిలించి, చంక కింద అదిమిపట్టి, పై మెట్టు మీద నుంచి కేక వేస్తుంది.

"అన్నయ్యగారూ, దిగుతున్నామండీ!"

"ఆఁ, పట్టుకున్నా చెల్లెమ్మా, రా!"

ఆయన సుల్తాన్ మెడపట్టీ పట్టుకుంటారు, ఆవిడ గోడవారగా నడిచి గేటు దాటుతుంది. వీధి చివర ఖాళీస్థలంలో పెసర తన పని కానిచ్చుకుంటుంది. తిరిగొచ్చాక గేటు దగ్గర మళ్ళీ కేక, మళ్ళీ "రా చెల్లెమ్మా". పొద్దున షాపుకు వెళ్ళేముందూ ఇదే, సాయంత్రం వచ్చాకా ఇదే. బెంజ్ సర్కిల్ దగ్గర బట్టల షాపులో రోజంతా నిలబడి, జనం విప్పించి వదిలేసిన చీరలకు మడతలు పెట్టి వచ్చే మనిషి మార్త. మోకాళ్ళు ఎప్పుడో చేతులెత్తేశాయి. ఇల్లు చేరి కాళ్ళు చాపుకుందామంటే సంచి ఎదురుచూస్తూ ఉంటుంది. కృపకు ఇంటర్ పరీక్షలు, ఇశ్రాయేలుకు ఇబ్రహీంపట్నం థర్మల్ స్టేషన్లో షిఫ్టులు. పనీపాటా లేనిది మార్త ఒక్కతే కదా మరి.

సుల్తాన్ చెడ్డది కాదు. అదే అసలు చిక్కు. "వాడేమీ చేయడమ్మా, ఆడుకుందామంటాడు, అంతే" అని వెంకటసుబ్బారావు గారు అనని రోజు లేదు. పోయిన ఎండాకాలం అలాగే ఆడుకుందామని పెసర మీద ఒక్క కాలు వేసింది. ఆ తర్వాత చాలా రోజులు పెసర వెనక కాలు ఈడ్చుకుంటూనే నడిచింది.

"పెద్దకుక్క కరవక్కర్లేదండీ," అన్నాడు పశువుల డాక్టరు. "నోట పట్టుకుని విదిలిస్తే చాలు, దీని మెడ విరిగిపోద్ది. అప్పుడు నా దగ్గరికి తెచ్చినా నేను చేసేదేం ఉండదు."

ఆ మాట విన్నప్పటినుంచి మార్త నిద్రలో కూడా చంక బిగించుకునే పడుకుంటోంది.

కావలసింది చిన్న పనే. మెట్ల మొదట్లో ఒక గ్రిల్ తలుపు, కుక్కలకు పెరట్లో కాస్త చోటు. ఓనరును అడగాలి. ఇశ్రాయేలు చెప్పీ చెప్పీ విసిగిపోయాడు.

"అడగడానికేంటే నీకు? ఊరికే ఉంటన్నామా ఆ ఇంట్లో?"

"ఎట్లా అడగమంటారండీ? నోరారా చెల్లెమ్మా అంటాడాయన."

అదీ సంగతి. ఈ ఇల్లు దొరక్కముందు వాళ్ళు తిరగని వీధి లేదు. పేర్లు అడిగి, ఏ చర్చి అని అడిగి, "మా బంధువులు దిగుతున్నారండీ" అని మర్యాదగా తలుపేసుకున్నవాళ్ళే ఎక్కువ. వెంకటసుబ్బారావు గారు మాత్రం పేరు వినగానే, "మా పామర్రులో చెల్లెలుంది, మాణిక్యమని. అచ్చం నీలాగే ఉంటుంది. రా చెల్లెమ్మా, ఇల్లు చూసుకో" అన్నారు. అన్నాళ్ళూ తలవంచుకుని గుమ్మాలు దిగిన మార్తకు ఆ మాటతో ప్రాణం లేచొచ్చింది. అలాంటి మనిషి దగ్గరికెళ్ళి మీ కుక్కల్ని కట్టేసుకోండి అనడానికి నోరెలా వస్తుంది? అడుగుదామని వెళ్ళకపోలేదు. ఒకసారి వెళ్ళి దోసకాయలు తెచ్చుకుంది. ఇంకోసారి వెళ్ళి పామర్రు పొలం బియ్యం తెచ్చుకుంది. పైకొచ్చాక తనను తాను తిట్టుకుని, రేపు అడుగుతానని పడుకుంది.

ఇంతలో మాణిక్యం పోయింది. జ్వరమని పడుకున్న మనిషి మళ్ళీ లేవలేదు. వెంకటసుబ్బారావు గారు పామర్రు వెళ్ళివచ్చి వరండా కుర్చీలో కూలబడ్డారు. సుల్తాన్‌ను పట్టుకోవడం, వదలడం తప్ప ఆయన చేతులకు వేరే పని ఉన్నట్టు కనిపించేది కాదు. అప్పుడిక తలుపు మాట ఎత్తడం మార్త వల్ల కానేకాలేదు.

శ్రావణమాసం వచ్చింది. షాపులో ఊపిరి సలపని రద్దీ. ఒక సాయంత్రం మార్త వాచిన కాళ్ళతో ఇల్లు చేరి, ఎప్పటిలాగే సంచి తగిలించుకుని కేకేసి దిగింది. ఆయన ఎప్పటిలాగే సుల్తాన్‌ను పట్టుకునే ఉన్నారు.

"ఒక్క నిమిషం ఆగు చెల్లెమ్మా," అన్నారు. పక్కన బల్లమీద ఒక పళ్ళెం ఉంది. అందులో పసుపుపచ్చ మంగళగిరి చీర, అరటిపళ్ళు. "ఏటా శ్రావణంలో మాణిక్యానికి చీర పట్టుకెళ్ళి పెట్టేవాణ్ణమ్మా. ఈ ఏడు కూడా అలవాటుకొద్దీ కొనేశాను. ఇంటికొచ్చి కూర్చున్నాక గుర్తొచ్చింది." ఆయన రెండో చేత్తో చీర నిమిరారు. "నువ్వు పుచ్చుకో. కాదనకు. ఇంకేం కావాలన్నా అడుగు. అన్నయ్యనే కదా."

అడగవచ్చు. ఇంతకన్నా మంచి సమయం దేవుడు కూడా తెచ్చివ్వలేడు. మార్త నోరు తెరిచింది కూడా. ఎదురుగా ఆయన కళ్ళనిండా నీళ్ళు. చచ్చిపోయిన చెల్లెలి చీర అందుకుంటూ కుక్కల సంగతి మాట్లాడగలిగే మనుషులు ఎక్కడైనా ఉంటే ఉండవచ్చు, మార్త మాత్రం ఆ బాపతు కాదు.

"ఇంకేమీ వద్దన్నయ్యగారూ. మీ అభిమానం చాలు," అంది.

పుట్టింటి చీర ఒంటిచేత్తో పుచ్చుకోరు. ఇచ్చేవాళ్ళూ ఒంటిచేత్తో ఇవ్వరు. ఆయన మెడపట్టీ వదిలి రెండు చేతులతో పళ్ళెం ఎత్తారు. ఆవిడ సంచి భుజం మీంచి దించి, నేలమీద పెట్టి, రెండు చేతులూ చాచింది. ఇద్దరిలో ఒక్కరికీ తాము చేస్తున్నదేమిటో తట్టలేదు.

సుల్తాన్ సంచిని నోట కరుచుకుని వాకిట్లోకి ఉరికింది. దానికి అది ఆటే. తల అటూ ఇటూ విదిలిస్తోంది, సంచి గోడకు తగిలి లేస్తోంది. లోపల్నుంచి పెసర అరుపు ఒకసారి వినపడింది, తర్వాత వినపడలేదు. పళ్ళెం ఎటు పడిందో మార్త చూడలేదు. మెట్టు దిగడానికే మూలిగే మోకాళ్ళతో పరుగెత్తి, ఆ కుక్క మెడ మీద పడి, దాని దవడల మధ్య చెయ్యి దూర్చింది. సంచి ఊడివచ్చేసరికి అరచెయ్యి చీరుకుపోయింది.

పెసర బతికే ఉంది. ఒక చెవి సగం చీలి వేలాడుతోంది. ఒళ్ళంతా వణుకు.

"ఆడుకుంటున్నాడు చెల్లెమ్మా... వాడేమీ..." అంటూ వెంకటసుబ్బారావు గారు వెనకాలే పరుగెత్తుకొచ్చారు.

"ఎవరండీ మీకు చెల్లెమ్మ?" మార్త గొంతు వీధి చివరిదాకా వినపడింది. "మీ చెల్లెలు చచ్చిపోయింది! నేను అద్దెకున్నదాన్ని! ముందా కుక్కని కట్టెయ్యండి!"

ఆయన కట్టేశారు.

పెసర చెవికి కుట్లు పడ్డాయి, మార్త చేతికి పడ్డాయి, ఇంజెక్షన్లు ఇద్దరికీ తప్పలేదు. ఆసుపత్రి నుంచి వచ్చేసరికి వాకిట్లో చీర లేదు. పళ్ళేనికి దూరంగా బురదలో పడి ఉండటం వెళ్ళేటప్పుడు కంటపడింది. రోజూ ఎవరెవరి చీరలో మడతపెట్టే తను ఆ ఒక్కటీ ఎత్తలేదు. ఆయనే వంగి తీసుకుని ఉంటారు. అది తలుచుకున్నప్పుడు చేతి నొప్పి కన్నా ఎక్కువ నొప్పేసింది.

"వెళ్ళి సారీ చెప్పరాదా?" అన్నాడు ఇశ్రాయేలు.

"దేనికి? కుక్కని కట్టెయ్యమన్నందుకా?"

"అందుక్కాదులే. ఆ రెండో మాటకి."

"ఆ మాటకి సారీ ఉండదండీ," అంది మార్త. "మొదటిది ఎప్పుడో అనేసుంటే రెండోది వచ్చేదే కాదు."

ఆ వారంలోనే పనివాళ్ళు వచ్చి మెట్ల మొదట్లో గ్రిల్ తలుపు బిగించారు. పెరట్లో కంచె కట్టి సుల్తాన్‌నూ రాజానూ అటు మార్చారు. ఎవరూ అడగలేదు, ఎవరూ చెప్పలేదు. పైకి దోసకాయలు రావడం మానేశాయి.

కుట్లు విప్పిన మర్నాడు మార్త సంచి తీసుకోలేదు. కేకా వేయలేదు. పెసర ఒక్కొక్క మెట్టూ వాసన చూసుకుంటూ తన కాళ్ళతో తానే దిగింది. తలుపు చప్పుడుకు వెంకటసుబ్బారావు గారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. మార్తను చూసి ఆయన ఇంతకుముందెప్పుడూ లేచి నిలబడలేదు.

"కుక్కలు వెనకాలున్నాయండీ, మార్తగారూ," అన్నారు. "భయం లేదు, వెళ్ళిరండి."

కావలసిందంతా చేతికొచ్చాక ఇంత ఏడుపు రావడమేమిటో మార్తకు అర్థం కాలేదు. అన్నయ్యగారూ అనే మాట గొంతుదాకా వచ్చింది. నోరు తెరిచింది.

"థాంక్సండీ," అంది.

"ఫర్వాలేదండీ," అన్నారాయన.