నీళ్లక్క ఎడారి మొక్క

పొద్దున్నే లేచి, మొహం కూడా కడుక్కోకుండా చెంబుతో పెరట్లోకి వెళ్లడం నీళ్లక్కకి అలవాటు. ఆ పేరు వీధి పెట్టింది. మొక్కకి ఏం కావాలో చూడదు, ముందు నీళ్లు పోస్తుంది. ఆ చేతికింద కలబంద కుళ్లింది, ఆఖరికి నాగజెముడూ కుళ్లింది. నాగజెముడుని చంపడం అందరివల్లా అయ్యే పని కాదు.

ఆ తర్వాత ఆసుపత్రి లాండ్రీకి వెళ్లి దుప్పట్లు మడతపెడుతుంది. అది ఇద్దరు చేసే పని. ఆవిడ మాత్రం రెండు కొసలు గోడ కొక్కేలకి తగిలించి, మిగతా రెండూ తను పట్టుకుంటుంది. జతకి మనిషిని ఇస్తామంటే, కొత్తవాళ్లకి కొసలు కలపడం రాదని తనే వద్దంది.

ఇంట్లో ఒకప్పుడు చెల్లెలుండేది. తల్లి పోయేనాటికి దానికి ఆరేళ్లు. నీళ్లక్కే పెంచింది. ముప్ఫై ఏళ్లొచ్చినా తనే జడ వేసేది, మధ్యాహ్నం దాని ఆఫీసు గేటు దగ్గర అన్నం డబ్బాతో నిలబడేది, తుమ్మితే చాలు మాత్ర మింగించేది. నాలుగేళ్ల కిందట చెల్లెలు "నాకు ఊపిరాడటం లేదక్కా" అని, అదే వీధిలో ఎనిమిదిళ్ల అవతల గది తీసుకుంది. అప్పట్నుంచీ ఎదురుపడినా తలొంచుకుని పోతారు. అంత చేసినందుకు ఇదా అని నీళ్లక్కకి కడుపు రగిలిపోయేది. ఆ మంట కన్నా ఇంట్లో ఒక్కతే ఉండటం ఎక్కువ ఏడిపించేది.

ఈ ఏడాది వానల్లేవు. నర్సరీ తాత బూడిదరంగు ఆకుల చిన్న మొక్క ఒకటి ఆవిడ చేతిలో పెట్టాడు.

"ఎడారి మొక్కమ్మా. పసుపు పూలు పూస్తుంది. నెలకో గ్లాసు చాలు. అంతకు మించి పోశావో, లేచి వెళ్లిపోతుంది. మళ్లీ నా దగ్గరకొచ్చి తగువు పెట్టుకోకు."

నాటిన మూడో రోజుకి మొక్క జానెడు జరిగింది. వెనకాల మట్టిలో వేళ్లు ఈడ్చిన గీత. పాపం దాహమేసి నీళ్లు వెతుక్కుంటోందనుకుంది నీళ్లక్క. ఇంకో చెంబు పోసింది. మర్నాటికి మూరెడు జరిగింది. వారం తిరిగేసరికి గేటు కిందనుంచి దూరి వీధిలో పడింది.

వీధిలో ఎవరూ దాన్ని పెద్ద విషయంగా తీసుకోలేదు. స్కూటర్లు పక్కకి తిప్పుకుని పోయారు. ఎదురింటి టీచరు మాత్రం, "మీ మొక్క కరెంటు స్తంభం దాటిందండీ" అని చెప్పింది.

"దాహమండీ దానికి," అంది నీళ్లక్క, చెంబు పట్టుకుని దాని వెంటపడుతూ.

"దాహమైతే మీ చెంబు వైపు రావాలి కదండీ. అటు పోతుందేంటి?"

నీళ్లక్క చెంబు పట్టుకుని వెనక్కి తిరిగింది. ఆ రోజు లాండ్రీలో ఒక్క మడతా తిన్నగా రాలేదు.

సాయంత్రం వచ్చేసరికి స్తంభం దగ్గర మొక్క లేదు. చెంబు నింపుకుని గీత వెంట నడిచింది. ఇదీ పోతే ఇంట్లో పలకరించడానికి ప్రాణమున్నది ఒక్కటీ మిగలదు. గీత ఎనిమిదో ఇంటి దగ్గర ఆగింది. చెల్లెలి గది మెట్టు పక్కన, సిమెంటు పగిలినచోట, కంకరలో మొక్క నిలదొక్కుకుని నాలుగు పూలు పూసింది. అక్కడ ఎవరూ చుక్క నీరు పోసిన జాడ లేదు.

అయినా ఆవిడ చెంబు వంచబోయింది. ఆకులు వణికాయి. వేళ్లు కంకరలోంచి పైకి లేవడం కళ్లారా చూసింది.

తలుపు తెరుచుకుంది.

"పొయ్యకక్కా," అంది చెల్లెలు. నాలుగేళ్లలో అదే మొదటి మాట.

"ఎండిపోతుందే."

"ఎండిపోదు. మధ్యాహ్నం నుంచీ చూస్తున్నా, బాగానే ఉంది." మెట్టు మీదకొచ్చి, "నేనూ బాగానే ఉన్నా. సాయంత్రాలే ఏమీ తోచదు," అంది.

నీళ్లక్క వంచబోయిన చెంబుని తిన్నగా పట్టుకుంది. వేళ్లు నెమ్మదిగా మళ్లీ లోపలికి దిగాయి. చెల్లెలి జడ ఊడి జుట్టు మొహం మీద పడుతోంది. సర్దడానికి చెయ్యి దానంతటదే లేచింది. దాన్ని బలవంతాన దించి, రెండు చేతులూ చెంబు చుట్టూ బిగించింది. తెలిసీ తెలియని వయసునుంచీ చెల్లెలికి అన్నీ చెప్పడమే గానీ, అడగడం ఎరగదు.

"కాసేపు కూర్చోనా?" అని అడిగింది.

చెల్లెలు మెట్టు మీద కూర్చుంది. కొంచెం పక్కకి జరిగి చోటిచ్చింది.