మేకులు కొట్టిన తలుపు

ఆకాశమంత భవనాలకు తాడు మీద వేలాడుతూ రంగులు వేసే అతన్ని తోటివాళ్లు ఉడుత అనేవారు. భయమంటే ఎరగడని పేరు. అలాంటివాడు సొంత ఇంటి బాల్కనీ తలుపుకు మేకులు కొట్టేస్తే ఎవరు నవ్వరు? అత్తగారు పొట్ట పట్టుకుని నవ్వింది. భార్య మాత్రం నవ్వలేదు.

పాప పుట్టి నెల దాటినా అతను ఒక్కసారీ ఎత్తుకోలేదు. చేతులకు రంగుందనేవాడు. కడుక్కున్నాక నడుం పట్టేసిందనేవాడు.

ఆ ఉదయం భార్య సంచి సర్దింది. "అమ్మతో వెళ్లిపోతున్నా. పిల్లంటే ఇష్టం లేకపోతే ఆ ముక్కే చెప్పు. ఈ నాటకాలెందుకు?"

అసలు సంగతి చెబితే పాపను మళ్లీ దగ్గరికి రానివ్వరు. చెప్పకపోతే ఇప్పుడే తీసుకుపోతారు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. పాపం, ఎటు దూకుతాడు?

భార్య పాపను అతని ఒళ్లో పెట్టి చెప్పుల కోసం వంగింది. అతని చూపు బాల్కనీ తలుపు మీదికి పోయింది. మేకులు ఉన్నాయి.

"దీన్ని తీసుకో. పడేస్తానేమో," అన్నాడు.

"ఎక్కడ పడేస్తావ్?"

"బాల్కనీలోంచి. నా చేతులే విసిరేస్తున్నట్టు కళ్లముందు కనబడుతోంది. పుట్టిన రోజు నుంచీ ఇంతే."

అత్తగారు పాపను లాక్కుంది. భార్య ముఖం పాలిపోయింది. అతని వైపు తిరిగి అడిగింది.

"పనిలో నీ తాడు ముడి నువ్వే చూసుకుంటావా?"

"లేదు. పక్కవాడు లాగి చూడాల్సిందే."

"మరి ఇదెందుకు ఒక్కడివే మోశావ్?"

అతను వెక్కివెక్కి ఏడ్చాడు. ఆమె సంచి కింద పెట్టి అతన్ని ఆస్పత్రికి తీసుకెళ్లింది.

డాక్టరమ్మ అంతా విని అడగాల్సినవన్నీ అడిగింది. "పడేయాలనుకునేవాడు తలుపుకు మేకులు కొట్టడు. ఇది ఆందోళన జబ్బు. తల్లులకే కాదు, తండ్రులకూ వస్తుంది. తగ్గుతుంది. మందులున్నాయి, మాట్లాడి నయం చేసే పద్ధతీ ఉంది. మెల్లమెల్లగా ఆ మేకులూ పీకాలి. తప్పించుకు తిరిగినకొద్దీ భయం ముదురుతుంది," అంది.

కొన్ని వారాలు గడిచాయి. మేకులు ఒక్కొక్కటే ఊడాయి. చివరిది పీకిన రోజున అతను పాపను ఎత్తుకుని గడప దగ్గర నిలబడ్డాడు. పాప అతని చొక్కా గుండీ పట్టుకుంది.

"వచ్చిందా ఆ ఆలోచన?" భార్య అడిగింది.

"వచ్చింది. తీసుకో."

"రానీ. వచ్చి పోతుంది."

ఆమె పాపను తీసుకోలేదు. తడిబట్టల బకెట్టు ఎత్తుకుని, అతన్ని దాటి బాల్కనీలోకి వెళ్లి, వాళ్లకు వీపు తిప్పి బట్టలు ఆరేసుకుంది.